ఎలిజబెత్ రాణి కాలపు లండన్‌లో పుస్తకాల కొట్టు పెట్టాలంటే

పుస్తకాలంటే ప్రాణం, అందుకే పుస్తకాల కొట్టు పెడతానంటారా? అయితే కాసేపు ఆగండి. మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో ఈ వ్యాపారం చేసి నాలుగు డబ్బులు వెనకేసుకున్నవాళ్ళు ఏ పుస్తకం మీద ఎవరికి హక్కుందో, ఆ హక్కుదారు ఇప్పుడు అప్పుల్లో ఉన్నాడో లేదో, రేపు అతను పోతే వాళ్ళావిడ ఎవరిని చేసుకునేలా ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేవాళ్ళు. కొట్టు అద్దెకు దొరుకుతుంది, సరుకు అరువుకు దొరుకుతుంది, ఈ సమాచారం మాత్రం ఎక్కడా అమ్మరు. ఎవరిదో కొట్లో ఏళ్ళ తరబడి చాకిరీ చేస్తేనే వస్తుంది. అందుకే ఇక్కడ అప్రెంటిస్ రోజుల గురించి చాలా చెప్తాను, సొంత కొట్టు తలుపు తెరిచే ముచ్చట ఆలస్యంగా వస్తుంది, కొంచెం ఓపిక పట్టండి.

1578లో మొదలుపెడుతున్నాం అనుకుందాం. ఎడ్వర్డ్ బ్లౌంట్ అనే కుర్రాడు విలియం పాన్సన్‌బీ అనే పుస్తకాల వర్తకుడి దగ్గర అప్రెంటిస్‌గా చేరింది ఆ ఏడాదే, ఆ ఇద్దరి కథ మనకు దారి పొడుగునా పనికొస్తుంది.

డబ్బు లెక్క ముందే చెప్పేస్తా. 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌను. పని బాగా తెలిసిన వడ్రంగి రోజంతా కష్టపడితే అతని చేతికొచ్చేది సుమారుగా ఒక షిల్లింగు. ఇకపై ఏ ధర చెప్పినా ఆ వడ్రంగిని గుర్తుపెట్టుకుని చదవండి.

ముందు ఒక యజమానిని పట్టుకోండి

లండన్ నగరంలో చిల్లర కొట్టు తెరవాలంటే ఆ నగరానికి 'ఫ్రీమన్', అంటే అక్కడ వ్యాపారం చేసుకునే హక్కున్న పౌరుడు, అయ్యుండాలి. దానికి మూడు దారులు. మీ నాన్న ఫ్రీమన్ అయితే ఆయన కొడుకుగా ఆ హోదా అడగొచ్చు, లేదంటే డబ్బు కట్టి కొనుక్కోవచ్చు, లేదా అప్రెంటిస్‌గా ఏళ్ళు పూర్తిచేసి సంపాదించుకోవచ్చు. మొదటిది మన చేతుల్లో లేదు, రెండోదానికి మన చేతిలో డబ్బు లేదు, కాబట్టి మూడోదే.

చేరాల్సింది స్టేషనర్స్ కంపెనీలో. కంపెనీ అంటే ఇక్కడ వృత్తి సంఘం. పుస్తకాలు అమ్మేవాళ్ళు, అచ్చేసేవాళ్ళు, బైండింగ్ చేసేవాళ్ళు అందరూ ఇందులోనే ఉంటారు. 1557లో మేరీ రాణి, ఆమె భర్త ఫిలిప్ కలిసి ఇచ్చిన చార్టర్‌తో, అంటే రాజముద్ర ఉన్న హక్కు పత్రంతో, దేశంలో అచ్చు పని దాదాపు మొత్తం వీళ్ళ గుప్పిట్లోకి వచ్చేసింది. వేరే కంపెనీలో ఫ్రీమన్ అయినా లండన్ ఆచారం ప్రకారం పుస్తకాలు అమ్ముకోవచ్చు, బట్టల వర్తకుల డ్రేపర్స్ కంపెనీ సభ్యులు కొందరు అలా చాలా ఏళ్ళు అమ్మారు కూడా, కానీ స్టేషనర్లతో గొడవలు పడీ పడీ చివరికి 1600లో వాళ్ళలో కొంతమంది ఇటే వచ్చి చేరారు. ఆ తిప్పలేవో పడకుండా మీరు మొదటే సరైన గుమ్మం తొక్కండి.

యజమానిని ఎంచుకునేటప్పుడు అతని కొట్టు ఎంత పెద్దదో చూడకండి, అతని దగ్గరికి ఎవరెవరు వస్తున్నారో చూడండి. రాతప్రతులు చేతపట్టుకుని దొరల ఇళ్ళ నుంచి మనుషులు వచ్చే కొట్టయితే, చీకటి గది ఇచ్చినా సరే చేరిపోండి. ఒకరి పేరు మీద చేరి ఇంకొకరి దగ్గర పని నేర్చుకోవడం కూడా ఉంది. 1579లో స్ట్రాట్‌ఫర్డ్ నుంచి తోళ్ళు ఊనేవాడి కొడుకు రిచర్డ్ ఫీల్డ్ వచ్చాడు, కాగితం మీద అతని యజమాని జార్జ్ బిషప్ అనే పుస్తకాల వర్తకుడు, పని నేర్చుకున్నది మాత్రం థామస్ వోట్రోలియే అనే ఫ్రెంచివాడి అచ్చుకూటంలో. రెండిళ్ళ పరిచయం దొరికింది, దాంతో అతను ఎంత దూరం వెళ్ళాడో తర్వాత చెప్తా.

ఒప్పంద పత్రం ఒకే తోలు మీద రెండుసార్లు రాసి, మధ్యలో వంకర టింకరగా కోస్తారు. చెరో ముక్క. రేపు ఎవరైనా దొంగ పత్రం తెస్తే రెండు ముక్కల అంచులూ కలవవు, అంత సులువైన తెలివి. అందులో యజమాని తిండి, బట్ట, పడుకోడానికి చోటు ఇస్తానని, పని నేర్పిస్తానని ఒప్పుకుంటాడు. మీరు ఒప్పుకునే జాబితా ఇంకా పొడుగు: రహస్యాలు బయటపెట్టను, పాచికలాడను, సారాయి కొట్ల చుట్టూ తిరగను, పెళ్ళి చేసుకోను. కనీసం 7 ఏళ్ళు. ఇది 1563 నాటి చట్టం. దానికి తోడు నగరంలో 24 ఏళ్ళు నిండకుండా ఎవరినీ ఫ్రీమన్ చేయరు, కాబట్టి ఎంత చిన్నప్పుడు చేరితే అంత ఎక్కువ కాలం ఊడిగం చేయాలి. బ్లౌంట్‌కి పడింది 10 ఏళ్ళు.

ఒక్క జాగ్రత్త చెప్తాను, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. పత్రం రాసుకోగానే పని అయిపోదు. యజమాని మిమ్మల్ని స్టేషనర్స్ హాలుకు తీసుకెళ్ళి, రుసుము కట్టి, పుస్తకంలో పేరు రాయించాలి. 1570ల చివరికి ఆ రుసుము రెండున్నర షిల్లింగులు. కొందరు యజమానులు ఆ డబ్బులు మిగుల్చుకోడానికో, లెక్కకు మించి కుర్రాళ్ళను పెట్టుకోడానికో ఈ పని ఎగ్గొడతారు, దొరికితే జరిమానా కడతారు. ఎందుకంటే ఎవరు ఎంతమందిని పెట్టుకోవచ్చో దానికీ పరిమితి ఉంది, 1586 తర్వాత కంపెనీ పెద్దలకు ముగ్గురు, వాళ్ళ కింది వరస వాళ్ళకు ఇద్దరు, మామూలు సభ్యుడికి ఒక్కడే. మీ పేరు అక్కడ ఎక్కకపోతే ఏళ్ళు గడిచాక మీరు ఎవరి అప్రెంటిసో ఎవరికీ తెలియదు. కాబట్టి హాలుకు ఎప్పుడు వెళ్తున్నాం అని మొదటి వారంలోనే అడగండి, సిగ్గుపడకండి.

చాకిరీలో ఏం నేర్చుకోవాలి

పొద్దున్నే కొట్టు ముందున్న చెక్క దించడంతో రోజు మొదలవుతుంది, దించిన చెక్కే పగలంతా సరుకు పరిచే బల్ల. ఊడవడం, నీళ్ళు తేవడం, మోయడం, అన్నీ మీవే. ఆ తర్వాత వాకిట్లో నిలబడి దారినపోయే ప్రతివాడినీ "అయ్యా, తమకేం కావాలి? ఏం తక్కువైంది?" అంటూ గొంతు పోయేలా పిలవాలి. కొత్తలో సిగ్గుగా ఉంటుంది. నెల తిరిగేసరికి నడక చూసి ఎవడు కొంటాడో, ఎవడు ఊరికే నిలబడి సగం పుస్తకం చదివేసి పోతాడో తెలిసిపోతుంది.

కొట్లో పుస్తకాలు ఇప్పటిలా అట్టలతో వరసగా నిలబడి ఉండవు. చాలావరకు మడిచిన షీట్ల కట్టలే. పెద్ద కాగితం మీద రెండువైపులా అచ్చేసి ఒక్కసారి మడిస్తే 4 పేజీలు, అది ఫోలియో. రెండుసార్లు మడిస్తే 8 పేజీలు, క్వార్టో. మూడుసార్లయితే 16, ఆక్టావో. అచ్చుకూటం నుంచి వచ్చిన షీట్లను వరస తప్పకుండా పేర్చడం, దస్తాలు లెక్కపెట్టడం, ఒక్క షీటు తగ్గినా అది ఏ పుస్తకంలో తగ్గిందో పట్టుకోవడం, ఇదే మీ మొదటి చదువు. చిన్న పుస్తకాలను పక్కన దారంతో గుచ్చి అమ్మేస్తారు. పెద్దవాటికి అట్ట కావాలంటే కొన్నవాడే వేరే డబ్బిచ్చి వేయించుకుంటాడు, దూడ తోలా, వట్టి పార్చ్‌మెంటా అన్నది అతని జేబును బట్టి. బైండింగ్ చేసేవాడి దగ్గరికి మోసుకెళ్ళేది, తెచ్చేది మళ్ళీ మీరే. ఆ మోతలో ఎవరింటికి ఏం పోతోందో గమనించండి. ఫలానా లాయరు దైవశాస్త్రం కొంటున్నాడా, ఫలానా పాదిరీ ప్రేమ కావ్యాలు కొంటున్నాడా అన్నది తర్వాత డబ్బులిచ్చే జ్ఞానం.

టైటిల్ పేజీలు విడిగా ఎక్కువ వేయించి స్తంభాలకు, గోడలకు అంటిస్తారు. అప్పట్లో ప్రకటన అంటే అదే. టైటిల్ పేజీ మీద రచయిత పేరు లేకపోయినా ఎవరూ పట్టించుకోరు కానీ పుస్తకం ఎక్కడ దొరుకుతుందో మాత్రం తప్పకుండా ఉండాలి. ఇళ్ళకు నంబర్లు లేని ఊరు కదా, "పాల్స్ చర్చియార్డులో, తెల్ల వేటకుక్క గుర్తు దగ్గర" అని రాస్తారు. చదువు రానివాడు కూడా ఆ బొమ్మ చూసి వచ్చేస్తాడు.

యజమాని భార్యతో మంచిగా ఉండండి. మర్యాద కోసం చెప్పడం లేదు. రేపు యజమాని పోతే వ్యాపారం నడిపేది ఆవిడే, అప్రెంటిస్‌లు, హక్కులు అన్నీ ఆవిడ చేతికే వస్తాయి. ఇక నగరంలో అప్రెంటిస్‌ల అల్లర్లకు దూరంగా ఉండండి. 1595 వేసవిలో ధరలు మండిపోయి కుర్రాళ్ళు వీధికెక్కారు, జులైలో టవర్ హిల్ దగ్గర ఐదుగుర్ని ఉరితీసి ముక్కలు చేశారు. ఏ గుంపులో ఎవడు రాయి విసిరాడో తర్వాత ఎవరూ విచారించి తేల్చరు.

చేతికి కాగితం వచ్చాక

గడువు ముగిశాక యజమాని మిమ్మల్ని మళ్ళీ హాలుకు తీసుకెళ్తాడు, 3 షిల్లింగుల 4 పెన్నీలు కడతారు, ప్రమాణం చేస్తారు, అంతే, మీరు కంపెనీలో సభ్యులు, తర్వాత నగరానికి ఫ్రీమన్. బ్లౌంట్‌కి ఆ రోజు 1588 జూన్‌లో వచ్చింది. మర్నాడే కొట్టు తెరవాలని చేతులు దురదపెడతాయి, వద్దు. బ్లౌంటే 1594 దాకా తన పేరు మీద ఒక్క పుస్తకం కూడా నమోదు చేయించలేదు. ఆ ఆరేళ్ళు ఓడినట్టు కాదు. మీరూ కూలికి పనిచేయండి, పాత యజమాని దగ్గరే అయినా పర్లేదు, ఈసారి జీతం వస్తుంది, అప్పు పుట్టే పేరు కూడా వస్తుంది.

త్వరగా నిలదొక్కుకోవాలంటే అప్పటి లండన్‌లో అందరికీ తెలిసిన దారి ఒకటుంది, వితంతువును పెళ్ళాడడం. వినడానికి ఎలాగో ఉంటుంది కానీ ఇద్దరికీ లాభమే, ఆవిడకి పని తెలిసిన మగాడు దొరుకుతాడు, మీకు ప్రెస్సు, అచ్చు అక్షరాలు, హక్కులు అన్నీ ఒకేసారి వస్తాయి. ఇందాక చెప్పిన రిచర్డ్ ఫీల్డ్ 1587లో ఫ్రీమన్ అయ్యాడు, అదే ఏడాది వోట్రోలియే పోయాడు, కొంతకాలానికి అతని భార్య జాక్లీన్‌ని ఫీల్డ్ పెళ్ళాడాడు, లండన్‌లోని మంచి అచ్చుకూటాల్లో ఒకదానికి యజమాని అయ్యాడు. ఊరి నుంచి వచ్చిన పదేళ్ళలోపే.

కొట్టు ఎక్కడ? సాధ్యమైతే సెయింట్ పాల్స్ చర్చి చుట్టూ ఉన్న ఆవరణే. చర్చి గోడలను ఆనుకుని కూడా కొట్లుంటాయి. లోపల చర్చి మధ్య నడవలో ఊరి కబుర్లు, బేరాలు, పనివాళ్ళను కుదుర్చుకోవడాలు నడుస్తాయి, బయట పాల్స్ క్రాస్ దగ్గర ప్రసంగాలకు జనం విరగబడతారు, ఆ జనం ఇంటికి వెళ్ళాలంటే మీ బల్ల ముందు నుంచే వెళ్ళాలి. ఖాళీ దొరక్కపోతే లాయర్ల కోసం ఫ్లీట్ స్ట్రీట్ వైపు, వర్తకుల కోసం రాయల్ ఎక్స్‌చేంజ్ వైపు చూడండి. గుర్తు బోర్డు మామూలుగా ఆ ఇంటిదే, మీది కాదు, మీరు ఖాళీచేసి పోతే దేవదూతో, ఎలుగుబంటో అక్కడే ఉండిపోతుంది. అందుకని చోటు మారినప్పుడు కొత్త టైటిల్ పేజీ వేయించడానికి కొంచెం డబ్బు పక్కన పెట్టుకోండి.

అసలు ఆస్తి 'కాపీ'

ఇక్కడ జాగ్రత్తగా చదవండి. స్టేషనర్ల భాషలో 'కాపీ' అంటే ఒక పుస్తకాన్ని అచ్చేయించే హక్కు. ఆ హక్కు రచయితది కాదు. ఆయన రాశాడు, మీరు కొంత డబ్బో, కొన్ని ప్రతులో ఇచ్చారు, ఆయన పని అయిపోయింది. కంపెనీ రిజిస్టరులో ముందు ఎవరి పేరున ఎక్కితే ఆ పుస్తకం వాళ్ళది. తర్వాత ఎన్నిసార్లు అచ్చయినా వాళ్ళదే, అమ్ముకోవచ్చు, తాకట్టు పెట్టుకోవచ్చు, భార్యకు వదిలి పోవచ్చు.

నమోదుకి ముందు రాతప్రతిని పైవాళ్ళకి చూపించాలి. 1586 జూన్‌లో స్టార్ ఛాంబర్ అనే రాణిగారి పెద్ద కోర్టు ఇచ్చిన ఆజ్ఞ ప్రకారం కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ గానీ, లండన్ బిషప్ గానీ అనుమతించాలి, అంటే నిజానికి వాళ్ళు పెట్టిన మనుషులు చదువుతారు. ఆ తర్వాత కంపెనీ పెద్దలైన వార్డెన్ల సంతకం, ఆపైన గుమాస్తాకి 6 పెన్నీలిచ్చి రిజిస్టరులో ఒక వాక్యం రాయించుకోవడం. అనుమతి వేరు, నమోదు వేరు, ఈ రెండూ కలగాపులగం చేసుకోకండి. మొదటిది మిమ్మల్ని ప్రభుత్వం నుంచి కాపాడుతుంది, రెండోది పక్క కొట్టువాడి నుంచి. ఆ ఆరు పెన్నీలు ఆదా చేద్దామని నమోదు ఎగ్గొట్టే పిసినారితనం మాత్రం చేయకండి.

ఫీల్డ్ ఒకసారి ఏం చేశాడో చూడండి. 1593 ఏప్రిల్‌లో తన ఊరివాడు షేక్‌స్పియర్ రాసిన 'వీనస్ అండ్ అడోనిస్' కావ్యాన్ని తన పేరున నమోదు చేయించి అచ్చేశాడు, తెల్ల వేటకుక్క గుర్తున్న జాన్ హారిసన్ కొట్లో అమ్మించాడు. మరుసటి ఏడాది జూన్‌లో ఆ కాపీని హారిసన్‌కే రాసిచ్చేశాడు. తర్వాత ఆ కావ్యం మళ్ళీ మళ్ళీ అచ్చవుతూనే పోయింది. ఫీల్డ్‌కి అచ్చు పని ఉంది కాబట్టి బెంగపడి ఉండడు, కానీ మీకు ప్రెస్సు లేదు, మీ బతుకంతా కాపీల మీదే. కుర్రాళ్ళు పాత ప్రతులు చిరిగేదాకా చదువుతున్న పుస్తకాన్ని ఎవడెంత ఇస్తానన్నా వదలకండి.

మంచి కాపీలు ఎలా దొరుకుతాయంటే, పాన్సన్‌బీని చూసి నేర్చుకోండి. 1586లో కవి సర్ ఫిలిప్ సిడ్నీ యుద్ధంలో గాయపడి చనిపోయాడు, దేశమంతా ఏడుస్తోంది, అతను రాసిన 'ఆర్కేడియా' అనే కథ చేతిరాత ప్రతులు చాలా ఇళ్ళలో తిరుగుతున్నాయి. ఎవరో దాన్ని అచ్చేయబోతున్నారని పాన్సన్‌బీ చెవిన పడింది. అతను తనే గబగబా అచ్చేయించకుండా నేరుగా సిడ్నీ ప్రాణస్నేహితుడు ఫుల్క్ గ్రెవిల్ దగ్గరికెళ్ళి విషయం చెప్పేశాడు. గ్రెవిల్ ఆ సంగతి సిడ్నీ మామగారైన వాల్సింగం మంత్రికి ఉత్తరం రాశాడు, అందులో పాన్సన్‌బీని వట్టి బైండింగ్‌వాడిలా ప్రస్తావించాడు, ఆ మాట వేరు. ఫలితం మాత్రం 1590లో వచ్చింది, సరైన ప్రతి నుంచి 'ఆర్కేడియా' వేసుకున్నది పాన్సన్‌బీ, అదే ఏడాది స్పెన్సర్ కావ్యం 'ఫేరీ క్వీన్' వేసుకున్నదీ అతనే. ఈ వ్యవహారం మొదలైనప్పుడు బ్లౌంట్ ఆ కొట్లోనే అప్రెంటిస్. అతను తర్వాత 1623లో షేక్‌స్పియర్ నాటకాల ఫోలియో వేసినవాళ్ళలో ఒకడయ్యాడంటే నాకేం ఆశ్చర్యం అనిపించదు.

కొన్ని పుస్తకాల జోలికి మాత్రం ఎంత ఆశ పుట్టినా వెళ్ళకండి. బాగా అమ్ముడుపోయేవన్నీ రాణి ఇచ్చిన పేటెంట్ల కింద, అంటే ఒక్కరికే అచ్చు హక్కు ఇచ్చే పత్రాల కింద, పోయాయి. బైబిల్ క్రిస్టఫర్ బార్కర్‌ది, న్యాయశాస్త్రం రిచర్డ్ టాటెల్‌ది, పిల్లల ఏబీసీ, కీర్తనలు జాన్ డే అనే అతనివి. పిల్లలు చింపుతూ ఉంటారు, తల్లిదండ్రులు కొంటూ ఉంటారు, అంతకన్నా మంచి వ్యాపారం ఉందా? అందుకే రోజర్ వార్డ్ అనేవాడు డే పేరు, గుర్తు దొంగగా వేసి ఏబీసీ పుస్తకాలు 10,000 అచ్చేసి 1582లో స్టార్ ఛాంబర్ దాకా వెళ్ళాడు. జాన్ వుల్ఫ్ అనే మరొకడైతే ఈ పేటెంట్లన్నీ అన్యాయం అంటూ, పోపు మీద తిరగబడ్డ మార్టిన్ లూథర్‌తో తనను పోల్చుకుని తిరగబడ్డాడు. అతన్ని అణచలేక 1583లో కంపెనీలోకే చేర్చుకున్నారు, 1587కల్లా కంపెనీ ఆజ్ఞలు అమలుచేసే ఉద్యోగి, అంటే బీడిల్, అయిపోయి దొంగ అచ్చులను తనే వేటాడడం మొదలుపెట్టాడు. నాకు ఈ మొత్తం చరిత్రలో ఇష్టమైన మనిషి అతనే, ఎందుకో అడగకండి.

లెక్క, అచ్చు, ధర

అచ్చు పని బయట ఇస్తారు, కాగితం మామూలుగా మీరే కొనిస్తారు. ఖర్చులో పెద్ద వాటా కాగితానిదే, ఎక్కువగా ఫ్రాన్సు నుంచి ఓడల్లో వస్తుంది. 10 షీట్ల పుస్తకం 1,000 ప్రతులు వేస్తే 10,000 షీట్లు, అంటే దగ్గర దగ్గర 20 రీములు, అచ్చవకముందే ఇంత డబ్బు గోదాములో పడి ఉంటుంది. ఒకసారి అచ్చేస్తే 1,250 లేదా 1,500 ప్రతులు మించకూడదని 1587లో కంపెనీ నియమం పెట్టింది, అక్షరాలు పేర్చే కూలీలకు పని దొరకాలని దాని ఉద్దేశం. బడి పుస్తకాలలాంటి కొన్నిటికి మినహాయింపు ఉంది. మొదటి పుస్తకానికి ఆ హద్దు దాకా పోకండి, అమ్ముడుపోని షీట్లు చివరికి పొట్లాలకే పనికొస్తాయి.

ధర మీద కూడా చెయ్యి పెట్టారు. 1598 జనవరి నుంచి బొమ్మల్లేని మామూలు పుస్తకం, మామూలు సైజు అక్షరాలతో ఉంటే, రెండు షీట్లకు ఒక పెన్నీ మించకూడదు, చిన్న అక్షరాలైతే షీటున్నరకు పెన్నీ. ఒక నాటకం పుస్తకం కొట్లో 6 పెన్నీల దగ్గర ఆడుతుంది, అంటే మన వడ్రంగికి సగం రోజు కూలి. వీధి పాటల కాగితం అతను ఆలోచించకుండా కొంటాడు, నాటకానికి ఆలోచిస్తాడు, సిడ్నీ ఫోలియో జోలికి రాడు.

మీ పుస్తకాలన్నీ మీ కొట్లోనే అమ్ముడవుతాయని అనుకుంటే మునిగిపోతారు. కొంత భాగం తోటి వర్తకులకు హోల్‌సేల్‌గా పోవాలి, చాలాసార్లు డబ్బు బదులు వాళ్ళ పుస్తకాలే ఇస్తారు, అలా మీ ఒక్క పుస్తకంతో మీ బల్ల మీద పాతిక రకాలు చేరతాయి. లాటిన్ పుస్తకాలైతే ఫ్రాంక్‌ఫర్ట్ సంత నుంచి తెచ్చేవాళ్ళు వేరే ఉన్నారు, పెట్టుబడి లేకుండా అందులో తలదూర్చకండి.

ఎంత జాగ్రత్తపడినా దెబ్బ ఎటునుంచైనా రావచ్చు. 1598లో పాన్సన్‌బీ 'ఆర్కేడియా'ని పెద్ద ఫోలియోగా వేసి 9 షిల్లింగులకు అమ్ముతుంటే, మరుసటి ఏడాది ఎడిన్‌బరోలో రాబర్ట్ వాల్డ్‌గ్రేవ్ అదే పుస్తకం వేశాడు, లండన్‌లో 6 షిల్లింగులకు దొంగచాటుగా దిగిపోయింది. స్కాట్లాండ్ వేరే రాజ్యం, స్టేషనర్ల రిజిస్టరు అక్కడ చెల్లదు. పాన్సన్‌బీ లండన్‌లో అమ్మినవాళ్ళ మీద కేసు వేశాడు. తోటివాళ్ళే ఆ ప్రతులు అమ్మారు మరి.

చెయ్యి పోగొట్టుకోకుండా

1579లో జాన్ స్టబ్స్ అనే లాయరు, రాణి ఫ్రెంచి రాకుమారుణ్ణి పెళ్ళాడకూడదని ఒక చిన్న పుస్తకం రాశాడు. నవంబరులో వెస్ట్‌మినిస్టర్‌లో జనం ముందు అతని కుడిచెయ్యి నరికేశారు. రచయిత కదా, మనకేం అనుకోకండి, ఆ ప్రతులను పంచిన విలియం పేజ్ చెయ్యి కూడా అదే రోజు పోయింది. అచ్చేసిన హ్యూ సింగిల్టన్‌ని క్షమించి వదిలేశారు. 1584 జనవరిలో విలియం కార్టర్ అనే ముద్రాపకుణ్ణి కాథలిక్ పుస్తకం అచ్చేసినందుకు లండన్ ఉరికంబాల చోటు టైబర్న్‌లో ఉరితీశారు. కాబట్టి పొరుగు దేశాల నుంచి దొంగతనంగా వచ్చిన మూట ఎవరైనా "రెండ్రోజులు లోపల పెట్టు చాలు" అంటే పెట్టకండి. కంపెనీ మనుషులు ఇద్దరిద్దరుగా సోదాలకు వస్తారు, ముందు చెప్పి రారు.

చిన్న తప్పులకు చిన్న జరిమానాలు ఉంటాయి, పండగ రోజు కొట్టు తెరిచినా, తోటి సభ్యుణ్ణి తిట్టినా. 1560ల మొదట్లో నోస్ట్రడామస్ జోస్యాలు అమ్మినందుకు చాలామంది కట్టారు. 1599 జూన్‌లోనైతే ఇద్దరు బిషప్పులు వ్యంగ్య కవిత్వం మీద నిషేధం పెట్టి, ఆ ప్రతులను స్టేషనర్స్ హాల్లోనే తగలబెట్టించారు. నిన్నటిదాకా అనుమతి ఉన్న సరుకే అది. అలాంటి కబురు గాల్లో తేలుతుంటే సరుకు తగ్గించుకోండి, బంగారంలాంటి పద్యాలైనా సరే.

ప్లేగు వచ్చిన ఏడాది (1593, 1603 మరీ ఘోరం) జనం ఊరు వదిలిపోతారు, కొట్టు ముందు కుక్క కూడా ఉండదు. అప్పుడు అమ్ముడయ్యేది ప్రార్థన పుస్తకాలు, మందుల చిట్కాలు. ఆ నెలల కోసం మంచి రోజుల్లోనే అద్దె డబ్బు దాచుకోండి, తోటివాళ్ళ దగ్గర అప్పులు ముందే వసూలు చేసుకోండి, చనిపోయినవాడి ఖాతా రాబట్టడం ఎవరి తరమూ కాదు.

మీ సొంత అప్రెంటిస్ వచ్చాక అతన్ని ఆలస్యం చేయకుండా హాలుకు తీసుకెళ్ళండి. మీ పాత యజమాని ఆరోగ్యం కూడా కనిపెట్టి ఉండండి. పాన్సన్‌బీ పోయాక 1604 సెప్టెంబరులో 'ఆర్కేడియా', 'ఫేరీ క్వీన్' కాపీలు అతని బంధువు సైమన్ వాటర్‌సన్ పేరుకు మారాయి, నవంబరుకల్లా అక్కడి నుంచి మాథ్యూ లౌన్స్ చేతికి పోయాయి. పదేళ్ళు ఆ కొట్లో కట్టలు మోసిన బ్లౌంట్ పేరు ఆ వరసలో ఎక్కడా లేదు.